చదివింది గుర్తుంటోంది, బిట్ల దగ్గర మాత్రం ఆగిపోతున్నా: నర్సింగ్ పరీక్షలు రాసే పద్ధతి చెప్పండి

సిక్కోలు_బీఎస్సీ

అందరికీ నమస్కారం. నేను బీఎస్సీ నర్సింగ్ మూడో సెమిస్టర్. ఇంటర్ బైపీసీ తెలుగు మీడియం. అడల్ట్ హెల్త్ నర్సింగ్ అంటే నాకు ఇష్టం, బాగానే చదువుతాను. నిమోనియా లక్షణాలు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. కానీ సెషనల్స్‌లో (కాలేజీ ఇంటర్నల్ పరీక్షల్లో) బిట్లు చూసేసరికి రెండు ఆప్షన్లు తీసేసి, మిగతా రెండింటి మధ్య ఇరుక్కుపోతున్నాను. టైమ్ అంతా అక్కడే పోతోంది.

మొన్నటి పేపర్లో ఒక ప్రశ్న రాస్తున్నాను. థైరాయిడెక్టమీ (థైరాయిడ్ తీసే ఆపరేషన్) అయి ఒక రోజైన పేషెంట్, పెదవుల చుట్టూ తిమ్మిరిగా ఉందని చెబుతోంది. నర్సు మొదట ఏం చేయాలి? ఒకటి, ఆపరేషన్ తర్వాత ఇది మామూలే అని ధైర్యం చెప్పాలి. రెండు, చోస్టెక్ సైన్ (చెవి ముందు తట్టితే బుగ్గ అదరడం) చూడాలి. మూడు, నొప్పి తగ్గే మందు ఇవ్వాలి. నాలుగు, డాక్టరుకు ఫోన్ చేయాలి.

క్లాసులో చాలామంది నాలుగు పెట్టారు. కీలో రెండు ఉంది. డాక్టరుకు చెప్పడం తప్పెలా అవుతుంది? ఇలాంటి ప్రశ్నల్లో ఏం చూసి తేల్చుకోవాలో సీనియర్లు చెప్పండి.

వార్డ్_సిస్టర్_విశాఖ

డాక్టరుకు చెప్పడం తప్పు కాదమ్మా. చెప్పాల్సిందే. కానీ ఆ ఫోన్ ఎత్తగానే డ్యూటీ డాక్టరు ఏమడుగుతారు? "చోస్టెక్ చూశావా? చేతులు బిగుసుకుంటున్నాయా? గొంతు పట్టేసినట్టు అంటోందా? కాల్షియం రిపోర్టు ఎంత వచ్చింది?" వీటిలో ఒక్కదానికీ జవాబు లేకుండా ఫోన్ చేస్తే "చూసి మళ్లీ చెప్పు" అని పెట్టేస్తారు.

థైరాయిడ్ తీసేటప్పుడు వెనకాల ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు దెబ్బతినొచ్చు, లేదా వాటికి రక్తం అందక పని మందగించవచ్చు. కాల్షియం పడిపోతుంది. మొదట పెదవుల చుట్టూ, వేళ్ల కొసల్లో తిమ్మిరి. తర్వాత టెటనీ, అంటే కండరాలు బిగుసుకుపోవడం. ఇంకా ముదిరితే స్వరపేటిక బిగుసుకుని ఊపిరి ఆడదు. అందుకే ఆ పేషెంట్ మంచం దగ్గర కాల్షియం గ్లూకోనేట్, ట్రాకియాస్టమీ సెట్ (గొంతు దగ్గర కోసి ఊపిరికి దారి చేసే సామాను) సిద్ధంగా పెడతాం. చెవి ముందు ఫేషియల్ నర్వ్ మీద వేలితో తట్టి, బుగ్గ అదురుతోందా అని చూడటానికి ఎంతసేపు పడుతుంది? పది సెకన్లు. అది చూసి, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) చూసి, అప్పుడు ఫోన్.

ప్రశ్నలో "మొదట" అని ఉందంటే నాలుగింటిలో రెండు మూడు చేయాల్సినవే ఉంటాయి. ఏది కరెక్టు అని కాదు, ముందు ఏది అని అడుగుతున్నారు.

ఎంఎస్‌ఎన్_ట్యూటర్

సిస్టర్ గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను మెడికల్ సర్జికల్ చెబుతాను, హైదరాబాద్. పిల్లలు ఇంటర్‌లో ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) బిట్లు చేసి వస్తారు. అక్కడ ఫార్ములా తెలిస్తే ఆన్సర్ ఒక్కటే. ఇక్కడ నాలుగు ఆప్షన్లూ పుస్తకంలో ఉన్నవే అవుతాయి, అందుకే కంగారు పడతారు.

నా విద్యార్థులతో ఇలా చేయిస్తాను. ప్రశ్న చదివాక ఆప్షన్ల మీద చెయ్యి పెట్టమంటాను. ఈ పేషెంట్ ఎవరు, ఆపరేషన్ అయి ఎంతసేపైంది, కొత్తగా వచ్చిన మార్పు ఏంటి, నన్ను ఏమడుగుతున్నారు అని మనసులో చెప్పుకున్నాక, సొంతంగా ఒక జవాబు అనుకుని అప్పుడు చెయ్యి తీయమంటాను. ముందే ఆప్షన్లు చదివితే అందులో బాగా తెలిసిన పదం కనపడగానే చెయ్యి అటే పోతుంది.

ఇంకో మాట. నర్సింగ్ ప్రాసెస్‌లో అసెస్‌మెంట్ ముందు కాబట్టి "అసెస్" అన్న ఆప్షన్ ఉంటే కళ్లు మూసుకుని పెట్టేయమని కొందరు చెబుతుంటారు. దయచేసి అలా పెట్టకండి. ఈ ప్రశ్న చూడండి.

రక్తం ఎక్కించడం మొదలుపెట్టి 15 నిమిషాలైంది. పేషెంట్‌కు చలి, వణుకు, నడుము నొప్పి. నర్సు మొదట ఏం చేయాలి? ఆప్షన్లలో "బీపీ, పల్స్, టెంపరేచర్ చూడాలి" ఉంది. "ట్రాన్స్‌ఫ్యూజన్ ఆపాలి" కూడా ఉంది.

ఇక్కడ ఆపడమే ముందు. ఎందుకంటే అసెస్‌మెంట్ ప్రశ్నలోనే ఇచ్చేశారు. చలి, వణుకు, నడుము నొప్పి అంటే రియాక్షన్ అని తేలిపోయింది. మీరు బీపీ చూస్తున్నంతసేపూ ఆ రక్తం లోపలికి పోతూనే ఉంటుంది. ఆపాలి, కొత్త సెట్‌తో నార్మల్ సెలైన్ పెట్టి లైన్ కాపాడుకోవాలి, తర్వాత వైటల్స్, డాక్టరు, బ్యాగ్ పారేయకుండా బ్లడ్ బ్యాంకుకు పంపడం.

థైరాయిడ్ ప్రశ్నలో తిమ్మిరి ఒక్కటే ఇచ్చారు, ఇంకా తేల్చాల్సింది ఉంది, కాబట్టి చూడటం ముందు. రక్తం ప్రశ్నలో తేలిపోయింది, కాబట్టి చేయడం ముందు. ఈ రెండు ప్రశ్నలూ పక్కపక్కన రాసుకుని చూస్తే తేడా అర్థమవుతుంది.

గుంటూరు_జీఎన్ఎం

మేడమ్, నేను జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) మూడో సంవత్సరం. మాకు ఏబీసీ చెప్పారు. ఎయిర్‌వే, బ్రీతింగ్, సర్క్యులేషన్. ఏ ప్రశ్నకైనా ఇదే వరస అన్నారు. కానీ ఒక ప్రాక్టీస్ టెస్టులో ఏబీసీ ప్రకారం పెడితే తప్పని వచ్చింది. నలుగురు పేషెంట్లలో ముందు ఎవర్ని చూడాలి అని ప్రశ్న.

సీఓపీడీ (ఏళ్ల తరబడి ఉండే ఊపిరితిత్తుల జబ్బు) పేషెంట్, సాచురేషన్ 90 శాతం, ఎప్పటిలాగే దగ్గు. ఆపరేషన్ అయి రెండు రోజులైన పేషెంట్, నొప్పి పదికి ఆరు. షుగర్ పేషెంట్, ఒళ్లంతా చెమటలు, పొంతన లేకుండా మాట్లాడుతున్నాడు. బీపీ 150/90 ఉన్న పేషెంట్, మాత్ర వేసుకునే టైమ్ అయింది.

సీఓపీడీ అంటే బ్రీతింగ్ కదా? 90 అంటే తక్కువే కదా? కీలో మాత్రం షుగర్ పేషెంట్ అని ఉంది.

ఓరుగల్లు_ఫోర్త్‌ఇయర్

నాకూ ఇదే డౌటు ఉండేది. ఏబీసీ అంటే ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు ముందు అని కాదు. ఊపిరికి ఇప్పుడు ముప్పు ఉన్నవాళ్లు ముందు. సీఓపీడీ వాళ్లకు 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు అని ఆక్సిజన్ టార్గెట్ పెట్టుకుంటాం. ఈయనకు 90 ఉంది, దగ్గు ఎప్పటిదే. అంటే స్టేబుల్.

షుగర్ ఆయనది కొత్త మార్పు. చెమట, తికమక రెండూ కలిస్తే షుగర్ పడిపోయిందేమో అనే అనుమానించాలి. మెదడుకు గ్లూకోజ్ అందడం లేదు, ఇంకాసేపైతే ఫిట్స్, కోమా. వెంటనే జీఆర్‌బీఎస్ (వేలి కొస రక్తంతో చేసే షుగర్ పరీక్ష) చూడాలి.

వార్డ్_సిస్టర్_విశాఖ

బాగా చెప్పావమ్మా. దానికి ఒకటి కలుపుతాను. పొంతన లేకుండా మాట్లాడే మనిషికి నోట్లో పంచదార నీళ్లు పోయకూడదు, గొంతులోకి పోతుంది. మింగగలిగితేనే నోటితో, లేకపోతే ఐవీ డెక్స్ట్రోస్ (నరంలోకి గ్లూకోజ్). దీని మీద కూడా బిట్ వస్తుంది.

జీఎన్ఎం తమ్ముడూ, అదే సీఓపీడీ పేషెంట్ "పొద్దుటి నుంచి మగతగా ఉన్నాడు, పిలిస్తే సరిగా పలకడం లేదు" అని ప్రశ్నలో రాసి ఉంటే లెక్క మారుతుంది. లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతోందని అనుమానించాలి. జబ్బు పేరు చూసి వరస పెట్టకండి. నైట్ డ్యూటీ హ్యాండోవర్ తీసుకున్నాక మనం ముందు ఏ మంచం దగ్గరకు పరుగెడతాం? ఏదో మారింది అని చెప్పిన మంచం దగ్గరకే కదా.

గుంటూరు_జీఎన్ఎం

ఇప్పుడు అర్థమైంది అక్కా. "ఎప్పటిలాగే" అన్న మాటను నేను చదివి కూడా పట్టించుకోలేదు.

సిక్కోలు_బీఎస్సీ

చాలా థాంక్స్ మేడమ్, అక్కా. నాకు ఇంకో ఇబ్బంది ఉంది. ప్రశ్న ఇంగ్లిష్‌లోనే తిరకాసుగా ఉంటే రెండుసార్లు చదివినా ఎటువైపు అడుగుతున్నారో తెలియడం లేదు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు దీన్ని ఎలా దాటారు?

ఓరుగల్లు_ఫోర్త్‌ఇయర్

నేనూ తెలుగు మీడియమే చెల్లీ. మొత్తం ఇంగ్లిష్ నేర్చుకున్నాక పరీక్ష రాద్దాం అనుకుంటే కుదరదు. ప్రశ్నల్లో తిరిగి తిరిగి వచ్చే మాటలు కొన్నే ఉంటాయి. ఒక నోట్‌బుక్ వెనక పేజీలో వాటిని రాసుకుంటూ వెళ్లాను.

మొదటి రకం, వరస అడిగేవి. ఇనీషియల్, ఫస్ట్, ప్రయారిటీ, ఇమీడియట్. ఇవి ఉంటే నాలుగు ఆప్షన్లలో ఒకటి కంటే ఎక్కువ సరైనవే ఉంటాయని ముందే అనుకోవాలి.

రెండో రకం, తిరగేసి అడిగేవి. ఎక్సెప్ట్, నాట్, కాంట్రాఇండికేటెడ్, ఎవాయిడ్. వీటికి పెన్నుతో గట్టిగా గీత పెట్టండి. తర్వాత ప్రతి ఆప్షన్ పక్కనా తప్పు, ఒప్పు అని గుర్తు పెట్టుకోండి. మూడు ఒప్పులు, ఒక తప్పు వస్తే ఆ తప్పే ఆన్సర్. మనసులో తిప్పుకుంటే టెన్షన్‌లో తారుమారవుతుంది.

మూడోది చాలామందిని ముంచేది. "పేషెంట్ ఏమంటే అతనికి ఇంకా నేర్పాల్సి ఉందని అర్థం?" అనే రకం, ఫర్దర్ టీచింగ్ అని ఉంటుంది. ఇక్కడ పేషెంట్ తప్పుగా చెప్పిన మాట వెతకాలి. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడే పేషెంట్ "మెత్తటి బ్రష్ వాడతాను" అంటే సరిగ్గా అర్థమైనట్టే. "తలనొప్పి వస్తే ఆస్పిరిన్ వేసుకుంటాను" అంటే మళ్లీ నేర్పాలి, రక్తస్రావం ప్రమాదం. ఆన్సర్ ఆస్పిరిన్ మాట.

నార్‌సెట్_అన్న

కొంచెం పక్కకు వెళ్తున్నా, కానీ చివరికి అందరూ రాసేదే కాబట్టి చెబుతున్నా. నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాలకు ఎయిమ్స్ వాళ్లు పెట్టే నార్‌సెట్ ప్రిలిమ్స్‌లో 100 ప్రశ్నలు, 90 నిమిషాలు. అంటే ప్రశ్నకు 54 సెకన్లు. తప్పు పెడితే మూడో వంతు మార్కు కోత. ఈ కోత చూసి భయపడి కొందరు చాలా ప్రశ్నలు ఖాళీగా వదిలేస్తారు. లెక్క వేసి చూడండి.

నాలుగు ఆప్షన్లలో ఏమీ తెలియకుండా గుడ్డిగా పెడితే, నాలుగుసార్లలో సగటున ఒకసారి మార్కు వస్తుంది, మూడుసార్లు మూడో వంతు చొప్పున పోతుంది. వచ్చిన ఒక్క మార్కూ పోయిన ఒక్క మార్కూ సరికి సరి. లాభం లేదు, నష్టం లేదు. ఒక్క ఆప్షన్ కచ్చితంగా తప్పని తెలిసినా లెక్క మీ వైపు తిరుగుతుంది, సగటున ప్రశ్నకు తొమ్మిదో వంతు మార్కు లాభం. రెండు తీసేయగలిగితే మూడో వంతు మార్కు లాభం. కాబట్టి చెల్లీ, రెండు ఆప్షన్ల మధ్య ఇరుక్కున్నప్పుడు వదిలేయడం నష్టం. ఏదో ఒకటి పెట్టి ముందుకు వెళ్లాలి. మన యూనివర్సిటీ పేపర్లో కోత లేదు కాబట్టి అక్కడ ఒక్క బిట్ కూడా ఖాళీగా ఉండకూడదు.

ఇంకో విషయం. మొదట పెట్టిందే కరెక్టు, మార్చొద్దు అని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. మళ్లీ చదివినప్పుడు "నాట్" అనే మాట చూడలేదని తెలిస్తే మార్చాలి. వయసో, ల్యాబ్ విలువో మిస్సయ్యామని తెలిస్తే మార్చాలి. ఊరికే భయమేసి మాత్రం మార్చకూడదు.

ఎంఎస్‌ఎన్_ట్యూటర్

నార్‌సెట్ తమ్ముడి లెక్క సరిగ్గా ఉంది. "ఎప్పుడూ", "ఎన్నడూ", "మాత్రమే" ఉన్న ఆప్షన్ తప్పు అనే కోచింగ్ చిట్కా గురించి కూడా చెప్పాలి. అది చాలాచోట్ల పనిచేస్తుంది, ఎందుకంటే మనుషుల శరీరాల విషయంలో నూటికి నూరు అనేవి తక్కువ. కానీ "పొటాషియం క్లోరైడ్ ఎన్నడూ ఐవీ పుష్‌గా (నరంలోకి ఒక్కసారిగా) ఇవ్వకూడదు" అన్నది నూటికి నూరు పాళ్లు నిజం, గుండె ఆగిపోతుంది. "వాడిన సూదికి రెండు చేతులతో మళ్లీ క్యాప్ పెట్టకూడదు" కూడా అంతే. సేఫ్టీకి సంబంధించిన చోట ఈ చిట్కా వాడొద్దు.

ఇక బిట్లు ఒక్కటే కాదు, థియరీ పేపర్ గురించి కూడా చెప్పాలనుంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన సెమిస్టర్ పద్ధతిలో యూనివర్సిటీ థియరీ 75 మార్కులు, ఇంటర్నల్ 25. టైమ్ మూడు గంటలు. మార్కుకు రెండు నిమిషాలు వేసుకుంటే 150 నిమిషాలు. పేపర్ చదవడానికి, చివర్లో చూసుకోవడానికి అరగంట మిగులుతుంది. పది మార్కుల ప్రశ్నకు 20 నిమిషాలు, ఐదు మార్కులకు పది. ఇది గడియారం చూసుకుంటూ పాటించాలి. పేపర్లు దిద్దేటప్పుడు ఎక్కువగా కనిపించేది ఏంటంటే, మొదటి ఎస్సే ఐదు పేజీలు, చివరి రెండు షార్ట్ ఆన్సర్లు ఖాళీ. ఐదు పేజీలు రాసినా పదికి పదకొండు వేయలేం కదా. ఖాళీ వదిలిన చోట పది మార్కులు పోయాయి.

ఎస్సేలో ఇంకో లోపం. ప్రశ్న పక్కన మార్కుల విభజన ఉంటుంది. మయోకార్డియల్ ఇన్‌ఫార్క్షన్ (గుండెపోటు) నిర్వచనానికి రెండు, పాథోఫిజియాలజీకి (జబ్బు లోపల ఎలా ముదురుతుందో దానికి) మూడు, నర్సింగ్ మేనేజ్‌మెంట్‌కు ఐదు అని ఇస్తారు అనుకుందాం. పిల్లలు పాథోఫిజియాలజీ రెండు పేజీలు రాసి, మందులన్నీ రాసి, నర్సింగ్ మేనేజ్‌మెంట్ దగ్గర "వైటల్స్ చూడాలి, రెస్ట్ ఇవ్వాలి, ధైర్యం చెప్పాలి" అని మూడు లైన్లు పెట్టి ముగిస్తారు. మనది నర్సింగ్ పేపర్. ఐదు మార్కులు ఉన్నది అక్కడ.

ఎలా రాయాలో ఒక ముక్క చూపిస్తాను. "వైటల్స్ చూడాలి" అని రాయకండి. "ఛాతీ నొప్పి ఎక్కడ, ఎంత, ఎటు పాకుతోంది అని పదికి ఎంతో అడిగి రాసుకోవాలి. 12 లీడ్ ఈసీజీ తీసి కేస్ షీట్‌లో పెట్టాలి. మానిటర్ మీద ఎరిథ్మియా (గుండె లయ తప్పడం) గమనించాలి. మలబద్ధకం రాకుండా చూడాలి, ముక్కితే గుండెపై భారం పడుతుంది" అని రాయండి. ప్రతి పనికీ ఒక కారణం. దిద్దేవాళ్లకు ఆ అమ్మాయి వార్డులో పేషెంట్‌ను చూసిందని తెలిసిపోతుంది. పాథోఫిజియాలజీ బాణాల గుర్తులతో ఫ్లోచార్టుగా వేస్తే అర పేజీలో అయిపోతుంది, చదవడానికీ బాగుంటుంది.

గుంటూరు_జీఎన్ఎం

మేడమ్, పాత ప్రశ్నపత్రాలు చదివితే సరిపోతుందా?

ఎంఎస్‌ఎన్_ట్యూటర్

థియరీకి చాలా ఉపయోగం. ఏ యూనిట్ నుంచి ఎస్సే వస్తోంది, ఏది షార్ట్‌గా వస్తోంది అని తెలుస్తుంది. బిట్లకు మాత్రం కీ బట్టీ పట్టొద్దు. ఒక ప్రశ్న చేశాక, సరైన ఆప్షన్ ఎందుకు సరైనదో కాకుండా, మిగతా మూడూ ఎందుకు కావో ఒక్కో లైను రాయండి. రోజుకు పది ప్రశ్నలు ఇలా చేస్తే చాలు. వంద ప్రశ్నలు కీ చూసి తిప్పేయడం కంటే ఇదే ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం.

డాలస్_ఆర్ఎన్

ఇది చదువుతుంటే ఇన్నేళ్ల తర్వాత కూడా హాస్టల్ గుర్తొచ్చింది. నేను విజయనగరం జిల్లాలో చదివి, కొన్నేళ్లు వార్డులో చేసి, ఎన్‌క్లెక్స్ (అమెరికాలో నర్సుగా లైసెన్సుకు రాసే పరీక్ష) రాసి ఇక్కడికి, అమెరికాకు వచ్చాను. బయటికి వెళ్లే ఆలోచన ఉన్నవాళ్ల కోసం రాస్తున్నాను.

ఎన్‌క్లెక్స్ కంప్యూటర్ మీద ఉంటుంది, హైదరాబాద్‌లోనే సెంటర్ ఉంది. కనీసం 85 ప్రశ్నలు, ఎక్కువలో ఎక్కువ 150. టైమ్ ఐదు గంటలు. మీ జవాబును బట్టి తర్వాతి ప్రశ్న కష్టం మారుతుంది. వెనక్కి వెళ్లడానికి లేదు, వదిలేయడానికీ లేదు. ప్రశ్నలు కష్టంగా వస్తున్నాయంటే బాగా రాస్తున్నారని అర్థం కావచ్చు, మధ్యలో ధైర్యం పోగొట్టుకోవద్దు. 2023 ఏప్రిల్ నుంచి కొత్త పద్ధతి. ఒకే పేషెంట్ కేస్ మీద ఆరు ప్రశ్నలు వరసగా వస్తాయి: ఏం గమనించావు, దాని అర్థం ఏంటి, ఏది ముందు, ఏం చేయొచ్చు, ఏం చేస్తావు, చేశాక తగ్గిందా. పైన సిస్టర్ గారు థైరాయిడ్ పేషెంట్ గురించి చెప్పిన వరస అచ్చంగా ఇదే.

మన దగ్గర చదివినవాళ్లకు కష్టమయ్యేది సబ్జెక్టు కాదు. మన వార్డుల అలవాటు. పేషెంట్‌కు అన్నం తినిపించడం, పక్కకు తిప్పడం చాలావరకు బంధువులే చేస్తారు. ఎన్‌క్లెక్స్‌లో ఆ పని ఎవరికి అప్పగించాలి అన్నదే ప్రశ్న. స్టేబుల్‌గా ఉన్నవాళ్ల స్నానం, తినిపించడం, వైటల్స్ సహాయకులకు ఇవ్వొచ్చు. అసెస్‌మెంట్, నేర్పడం, ఫలితం చూడటం ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) చేతిలోనే ఉండాలి. పక్షవాతం వచ్చి మింగడం ఇబ్బందిగా ఉన్న పేషెంట్‌కు తినిపించడం మాత్రం సహాయకులకు ఇవ్వకూడదు.

ఇంకోటి, కొడుకు వచ్చి "మా అమ్మకు ఏం జబ్బు?" అంటే మనం చెప్పేస్తాం. ఎన్‌క్లెక్స్‌లో ఆ తల్లి అనుమతి లేకుండా చెప్పే ఆప్షన్ తప్పు.

మందుల పేర్లు కూడా మారతాయి. పారాసెటమాల్ ఇక్కడ ఎసిటమినోఫెన్. అడ్రినలిన్ ఎపినెఫ్రిన్. సాల్బుటమాల్ ఆల్బుటెరాల్. పెథిడిన్ మెపెరిడిన్. ఇన్సులిన్ విషయంలో మరీ జాగ్రత్త. మన దగ్గర వార్డుల్లో ఎక్కువగా చూసే వయల్ మి.లీ.కు 40 యూనిట్లు, ఇక్కడ మామూలుగా 100 యూనిట్లు.

సిక్కోలు_బీఎస్సీ

అక్కా, ఇన్సులిన్ సంగతి అసలు తెలియదు. డోస్ లెక్కల్లో నేను తరచూ తడబడతాను, దాని గురించి కూడా చెప్పరా ఎవరైనా?

వార్డ్_సిస్టర్_విశాఖ

నేను చెబుతానమ్మా. రెండు లెక్కలు చేద్దాం.

500 మి.లీ. ఎన్ఎస్ (నార్మల్ సెలైన్) నాలుగు గంటల్లో పోవాలి. సెట్ మీద మి.లీ.కు 20 చుక్కలు. నాలుగు గంటలు అంటే 240 నిమిషాలు. 500ను 20తో గుణించి 240తో భాగిస్తే 41.67. చుక్కను సగం చేయలేం కాబట్టి నిమిషానికి 42. ఇదే ప్రశ్నలో 15 చుక్కల సెట్ అని ఇస్తే 31 వస్తుంది. వార్డులో వాడే సెట్ అలవాటుతో 20 వేసేసుకోకండి, ప్రశ్నలో ఇచ్చిందే వేయాలి. మైక్రో సెట్ అంటే 60.

రెండోది. 12 కిలోల బిడ్డ, పారాసెటమాల్ కిలోకు 15 మి.గ్రా. సిరప్ 5 మి.లీ.లో 250 మి.గ్రా. బిడ్డకు కావాల్సింది 180 మి.గ్రా. 180ని 250తో భాగించి 5తో గుణిస్తే 3.6 మి.లీ.

జవాబు వచ్చాక ఆప్షన్లు చూడకముందే ఒక్క క్షణం ఆగి, ఇది వార్డులో నమ్మే అంకెనా అని చూసుకో. బిడ్డకు 36 మి.లీ. సిరప్ అని వస్తే ఎక్కడో పాయింట్ జారిందని తెలియాలి. యూనిట్లు పక్కన రాసుకుంటూ లెక్క చేస్తే సగం తప్పులు రావు. ఆప్షన్లలో 36 కూడా పెడతారు, చూడు.

ఖమ్మం_నాన్న

నమస్కారం. నాకు నర్సింగ్ తెలియదు. మా అమ్మాయి మొదటి సెమిస్టర్, హాస్టల్లో ఉంటుంది. అనాటమీ సెషనల్ బాగా రాయలేదని రాత్రి ఫోన్లో ఏడ్చింది. ఏం చెప్పాలో తెలియక ఇక్కడ వెతుకుతున్నాను. తండ్రిగా నేను చేయగలిగింది ఏమన్నా ఉందా?

ఎంఎస్‌ఎన్_ట్యూటర్

నమస్కారం అన్నయ్యా. మొదటి సెమిస్టర్‌లో చాలామంది ఏడుస్తారు, కొత్త చోటు, కొత్త భాష. ఫోన్ చేయగానే మార్కులు అడగకండి. అన్నం తిన్నావా, నిద్ర పట్టిందా అని అడగండి. పరీక్ష ముందు రోజు ఊరికి రమ్మనకండి, ప్రయాణంలోనే అలసిపోతుంది. ఏదైనా ఫంక్షన్ ఉన్నా సర్దిచెప్పండి.

అమ్మాయికి ఒక్కటి చెప్పండి. అనాటమీ, ఫిజియాలజీ రెండూ ఒకే పేపర్లో రెండు సెక్షన్లుగా ఉంటాయి, మార్కులు దాదాపు సగం సగం. పిల్లలు అనాటమీ బొమ్మలు అందంగా వేస్తూ కూర్చుని ఫిజియాలజీకి టైమ్ లేకుండా చేసుకుంటారు. గంటన్నర కాగానే రెండో సెక్షన్‌కు వెళ్లిపోవాలి. బొమ్మ పెన్సిల్‌తో, పేర్లు కుడివైపు వరసగా, అంతే. షేడింగ్‌లు వద్దు.

ఖమ్మం_నాన్న

చాలా థాంక్స్ అమ్మా. ఈ రాత్రికే చెబుతాను.

నార్‌సెట్_అన్న

మెంటల్ హెల్త్ బిట్ల గురించి ఎవరూ రాయలేదు. ఆ ప్రశ్నల్లో పేషెంట్ ఒక మాట అంటాడు, నర్సు ఏమనాలి అని అడుగుతారు. "ఏం కాదులే, అంతా బాగైపోతుంది" అనే ఆప్షన్ మన నోటికి బాగా అలవాటైన మాట. కానీ అది తప్పు, అక్కడితో మాట ఆగిపోతుంది. "ఎందుకలా అనుకుంటున్నావు?" అని నిలదీసేదీ తప్పే. "నేనైతే ఇలా చేస్తాను" అన్న సలహా కూడా కాదు. పేషెంట్ ఇంకా మాట్లాడేలా చేసే ఆప్షన్ వెతకాలి.

"నేను ఉండి ఎవరికి లాభం" అని పేషెంట్ అంటే, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని సూటిగా అడిగే ఆప్షనే సరైనది. అడిగితే ఆ ఆలోచన పుట్టిస్తామేమో అని భయపడి చాలామంది దాన్ని వదిలేస్తారు. అలా పుట్టదు. వార్డులో కూడా అడగాల్సిందే.

వార్డ్_సిస్టర్_విశాఖ

పిల్లలూ, ఇంత చెప్పుకున్నాం కదా, ఒకటి చేసి చూపించండి. ప్రసూతి వార్డు ప్రశ్న. మూడో సెమిస్టర్ అమ్మాయికి ఇంకా ఓబీజీ (ప్రసూతి సబ్జెక్టు) రాలేదు, అయినా ప్రయత్నించు.

మామూలు కాన్పు అయి రెండు గంటలైంది. గర్భసంచి బొడ్డు కంటే పైకి, కుడివైపుకు జరిగి ఉంది. మెత్తగా ఉంటే నర్సు మసాజ్ చేసింది, గట్టిపడింది. కొద్ది నిమిషాలకు మళ్లీ మెత్తబడింది. రక్తస్రావం ఓ మోస్తరుగా ఉంది. నర్సు తర్వాత ఏం చేయాలి? ఒకటి, మళ్లీ మసాజ్ చేసి పడుకోబెట్టాలి. రెండు, మూత్రం పోసేలా సాయం చేయాలి. మూడు, ఇది మామూలే అని తల్లికి చెప్పాలి. నాలుగు, అరగంట తర్వాత మళ్లీ చూడాలి.

కీ చెప్పను. కారణం రాయాలి.

గుంటూరు_జీఎన్ఎం

గర్భసంచి మెత్తబడితే మసాజే ముందు అని చదివాను అక్కా. ఒకటి.

సిక్కోలు_బీఎస్సీ

నేను రెండు అనుకుంటున్నాను. నాకు ఓబీజీ తెలియదు, ప్రశ్నను బట్టి చెబుతున్నాను. మసాజ్ ఇప్పటికే చేశారని ప్రశ్నలోనే ఉంది, గట్టిపడి మళ్లీ వదులైంది. అంటే అది వదులవడానికి ఇంకేదో కారణం ఉంది. కుడివైపుకు జరిగింది అని ప్రత్యేకంగా రాశారు. పక్కన ఏదో నిండి నెడుతున్నట్టు అనిపిస్తోంది. ఆప్షన్లలో దానికి సంబంధించింది మూత్రాశయం ఒక్కటే. మూడు, నాలుగు చేస్తే రక్తం పోతూనే ఉంటుంది.

వార్డ్_సిస్టర్_విశాఖ

సరిగ్గా పట్టావు తల్లీ. నిండిన మూత్రాశయం గర్భసంచిని పైకి, పక్కకు నెట్టేసి ముడుచుకోనివ్వదు. ఖాళీ చేస్తే మధ్యలోకి వచ్చి గట్టిపడుతుంది. తల్లి సొంతంగా పోయలేకపోతే క్యాథెటర్. తమ్ముడూ, నువ్వు చదివింది తప్పు కాదు. మసాజ్ చేశారన్న లైను ప్రశ్నలో లేకపోయి ఉంటే నీ జవాబే ముందు వచ్చేది.

ఇప్పుడు అదే తల్లి. మూత్రాశయం ఖాళీ అయింది, గర్భసంచి మధ్యలో ఉంది, గట్టిగా ఉంది. అయినా ఎర్రటి రక్తం సన్నగా ధారగా కారుతూనే ఉంది. ఇప్పుడేమనుకోవాలి?

గుంటూరు_జీఎన్ఎం

గట్టిగా ఉందంటే గర్భసంచి తన పని తాను చేస్తోంది అక్కా. మళ్లీ మసాజ్ చేస్తే లాభం లేదు. రక్తం వేరే చోటు నుంచి వస్తుండాలి. గర్భాశయ ముఖద్వారం దగ్గరో, యోనిలోనో చిరిగి ఉండొచ్చు. ప్యాడ్ తీసి ఎంత తడిసిందో చూసి, పల్స్, బీపీ చూసి, ఆ అంకెలతో డాక్టరుకు ఫోన్ చేస్తాను. చిరిగిన చోటు వెతికి కుట్టాల్సి ఉంటుంది కాబట్టి మంచి లైటు, కుట్ల ట్రే సిద్ధం చేసి ఉంచుతాను.